నాన్న ట్రంకుపెట్టె కోసం కొన్న స్కానర్: ఎనిమిది నెలలు వాడాక

ఈ స్కానర్ మా ఇంటికి వచ్చి ఎనిమిది నెలలైంది. ఇప్పటిదాకా దాదాపు పదకొండు వందల నెగటివ్‌లు, నాలుగు వందల పైచిలుకు ఫోటోలు, రెండు వందల అరవై పోస్టుకార్డులు, రెండు లాగ్‌బుక్కులు, ఒక సర్వీసు పుస్తకం, ఏడు బ్యాడ్జీలు దీని అద్దం మీదికెక్కి దిగాయి. అన్నీ ఒక్క మనిషివే, మా నాన్నవి. మోడల్ పేరు రాయడం లేదు. నేను చెప్పబోయేది, మూతలో కూడా లైటు ఉండి కాగితంతో పాటు ఫిల్మును కూడా స్కాన్ చేసే ఫ్లాట్‌బెడ్ స్కానర్లన్నిటికీ కొంచెం అటూ ఇటూగా వర్తిస్తుంది. మీ ఇంట్లో పాత ఫోటోల పెట్టె ఉండి, ఆ ఫోటోల్లోని మనిషి ఇంకా మీ పక్కనే ఉంటే ఈ రివ్యూ మీకోసమే, కాస్త పొడుగైనా ఓపిగ్గా చదవండి.

నాన్నకి ఇప్పుడు ఎనభై ఒకటి. పందొమ్మిదో ఏట సైన్యంలో చేరి పదహారేళ్లు వైర్‌లెస్ ఆపరేటర్‌గా చేశారు. బయటికొచ్చాక రెండేళ్లు లారీ నడిపారు, మూడేళ్లు టెలిఫోన్ కేబుళ్లు అతికారు, నాలుగేళ్లు సినిమా హాల్లో ప్రొజెక్టర్ నడిపారు, ఆ తర్వాత పద్నాలుగేళ్లు ఒక హైస్కూల్లో ఫిజిక్స్ ల్యాబ్ అసిస్టెంటుగా ఉండి రిటైరయ్యారు. ఈ మధ్యలోనే పెళ్లి, మేం ముగ్గురు పిల్లలం, మెడలో ఎప్పుడూ ఒక కెమెరా, రాత్రిళ్లు హామ్ రేడియో (లైసెన్సు తీసుకుని సొంత రేడియోతో దూరదేశాల వాళ్లతో మాట్లాడే సరదా), తీరిక దొరికితే గులాబీలకి అంట్లు కట్టడం. మాకు ఇవన్నీ ముక్కలు ముక్కలుగానే తెలుసు. ఆయన కూర్చుని కథలు చెప్పే మనిషి కాదు. అడిగితే "ఏముందమ్మా చెప్పడానికి, డ్యూటీ చేశాం, వచ్చేశాం" అంటారు. కానీ నల్లరంగు వేసిన ఆ ఇనప ట్రంకుపెట్టెలో మాత్రం అన్నీ ఉన్నాయి, కవర్ల మీద పెన్సిల్‌తో నెంబర్లు వేసి మరీ.

మొదట బయట ఇద్దామనుకున్నాం. ఒకచోట నలభై నెగటివ్‌లు ఇచ్చి చూశాం. బొమ్మలు బాగానే వచ్చాయి గానీ స్ట్రిప్పులు తిరిగి వచ్చేసరికి వరస మారిపోయి, కొన్ని వేరే కవర్లలో ఉన్నాయి. నాన్న ఏమీ అనలేదు, రెండు రోజులు భూతద్దం పెట్టుకుని మళ్లీ సర్దుకున్నారు. ఆ రెండు రోజులు చూశాక, మిగతావి ఆయన కళ్ల ముందే జరగాలని నిర్ణయించుకుని స్కానర్ కొన్నాను.

కొనేటప్పుడు డీపీఐ, అంటే అంగుళానికి ఎన్ని చుక్కలుగా చదువుతుందో చెప్పే అంకె, చూసి మోసపోకండి. పెట్టె మీద 6400 అని ఉంటుంది. ఈ రకం ఫ్లాట్‌బెడ్‌లలో ఫిల్ము నుంచి నిజంగా దక్కే వివరం అందులో సగం కూడా ఉండదు. ముప్ఫై అయిదు మిల్లీమీటర్ల ఫ్రేము కొలత 24 బై 36 మిల్లీమీటర్లు. దాన్ని 2400 దగ్గర స్కాన్ చేస్తే సుమారు 77 లక్షల పిక్సెళ్లు వస్తాయి, ఇంట్లో ప్రింటు వేసుకోవడానికి అది చాలు. ఉత్సాహం కొద్దీ నేను మొదటి రోజు 6400 పెట్టి, రంగు లోతు 48 బిట్లు పెట్టి, టిఫ్ ఫైలుగా దాచాను. ఒక్కో ఫ్రేము 300 ఎంబీ దాటింది, పక్కపక్కన పెట్టి చూస్తే 2400కీ దానికీ తేడా కనబడలేదు. మామూలు ప్రింట్లయితే 600 పెట్టండి. పాస్‌పోర్టు సైజు ఫోటోలకి మాత్రం 1200 దాకా వెళ్లాను.

అంకెల కంటే ముందు చూడాల్సింది ఇంకోటుంది. స్కానర్లలో సీసీడీ రకం, సీఐఎస్ రకం అని రెండున్నాయి. సీఐఎస్‌వి సన్నగా, తేలిగ్గా ఉంటాయి, కానీ అద్దానికి అంటుకుని ఉన్నదే స్పష్టంగా కనిపిస్తుంది, కాస్త పైకి లేస్తే మసకే. సీసీడీది బరువు, వెడల్పు, టేబుల్ మీద చోటు తింటుంది. అయినా అదే తీసుకోండి. నాన్న సర్వీసు పుస్తకం కుట్టు దగ్గర అద్దానికి ఆనదు, బలవంతంగా నొక్కితే వీపు విరుగుతుంది. సీసీడీ వల్ల ఆ లోపలి వరసలు కూడా చదవగలిగేలా వచ్చాయి. బ్యాడ్జీల్ని కూడా అద్దం మీద బోర్లా పెట్టి, గీతలు పడకుండా కింద పల్చటి పారదర్శక షీటు వేసి, పైన నల్లగుడ్డ కప్పి స్కాన్ చేశాను. ఇత్తడి మీద చెక్కిన అక్షరాల లోతు కూడా తెలుస్తోంది. మెరుగు పెట్టి తోముదామా అని అడిగితే నాన్న వద్దన్నారు. "అది నా వేళ్ల రంగు, ఉండనీ" అన్నారు.

ఇక ఫిల్ము సంగతి. కంటికి కనిపించని పరారుణ కాంతితో దుమ్మునీ గీతల్నీ కనిపెట్టి తీసేసే సౌకర్యం అని గొప్పగా రాస్తారు, అది నిజంగా గొప్పదే. కలర్ నెగటివ్‌లో బొమ్మ రంగులతో తయారవుతుంది, ఆ రంగుల్లోంచి పరారుణ కాంతి సాఫీగా దాటిపోతుంది, దుమ్ము దగ్గర మాత్రం ఆగుతుంది, అలా దుమ్మెక్కడుందో యంత్రానికి తెలుస్తుంది. కానీ మామూలు బ్లాక్ అండ్ వైట్ నెగటివ్‌లో బొమ్మంతా వెండి రేణువులే. వెండి ఆ కాంతిని ఆపేస్తుంది, యంత్రం బొమ్మనే దుమ్మనుకుంటుంది. ఈ సంగతి తెలియక సైన్యం రోజుల మొదటి రోలంతా ఆ బటన్ నొక్కి స్కాన్ చేశాను. నలుగురు కుర్రాళ్లు నిలబడ్డ ఫోటోలో ఒకరి కళ్లు, ఇంకొకరి టోపీ అంచు నున్నగా చెరిపేసినట్టు వచ్చాయి. ఫోటోలే పాడయ్యాయేమోనని చాలా టెన్షన్ పడ్డాను. బటన్ ఆపి మళ్లీ చేస్తే కళ్లు వచ్చాయి. కాబట్టి సైన్యంలో పనిచేసిన పెద్దవాళ్ల పాత ఫిల్ములు మీ దగ్గరుంటే, ఎక్కువ భాగం బ్లాక్ అండ్ వైటే అయ్యుంటుంది, ఈ సౌకర్యం కోసం అదనంగా డబ్బు పోయకండి. గాలి కొట్టే రబ్బరు బుడ్డి, మెత్తటి కుంచె కొనుక్కోండి. తడిగుడ్డ అసలు తగలనివ్వకండి.

ఇంకో జాగ్రత్త. ఫిల్ము కవర్లు తెరవగానే వెనిగర్ లాంటి ఘాటు వాసన వస్తే ఆ రోలు ముందు స్కాన్ చేయండి. పాత ఫిల్ము అడుగుపొర అసిటేట్ అనే ప్లాస్టిక్, అది చెడిపోవడం మొదలైతే ఆ వాసనే గుర్తు. మెలికలు తిరిగి, కుంచించుకుపోయి, చివరికి బొమ్మ ఉన్న పొర విడిపోతుంది. దాన్ని వెనక్కి తిప్పే మందు లేదు. చల్లగా, పొడిగా ఉంచితే ఆ చెడిపోవడం నెమ్మదిస్తుంది, అంతే. మా పెట్టెలో మూడు రోల్స్ అలా ఉన్నాయి, వాటిని విడిగా తీసి, అందులోని ఫ్రేములు ఒకే వారంలో పూర్తిచేశాం.

ఫిల్మును హోల్డర్‌లో ఏ వైపు పెట్టాలన్నది కూడా చూసుకోవాలి. ఒకవైపు మెరుస్తుంది, ఒకవైపు మెరుపు లేకుండా ఉంటుంది. తిరగేసి పెడితే బొమ్మ అద్దంలో చూసినట్టు వస్తుంది. నేనలా ఒక స్ట్రిప్ తిరగేశాను, చూసుకోలేదు కూడా. గుడారంలో మోర్స్ కీ (చుక్కలూ గీతలుగా సందేశం కొట్టే మీట) ముందు కూర్చున్న నాన్న ఫోటో అది, ఇరవై రెండేళ్ల వయసు, చెవులకి హెడ్‌ఫోన్లు. స్క్రీన్ మీద చూసి ఆయన వెంటనే "ఎడమ చేత్తో ఎప్పుడు కొట్టానమ్మా నేను?" అన్నారు. తిరగేసి మళ్లీ పెట్టాను. అప్పుడు, అడగకుండానే, టేబుల్ మీద వేలితో కొట్టి చూపించారు. రేడియో వాళ్లు సెలవు తీసుకునేటప్పుడు పంపే అంకె 73, శుభాకాంక్షలని అర్థం. ఏడుకి రెండు గీతలు మూడు చుక్కలు, మూడుకి మూడు చుక్కలు రెండు గీతలు. "చూడు, ఇది ఎటు నుంచి కొట్టినా 73 ఏ, నీ స్కానర్ తిరగేసినా దీనికేం కాదు" అన్నారు. నాకు నలభై ఎనిమిదేళ్లు. మా నాన్న నాకు మోర్స్ నేర్పడం అదే మొదటిసారి.

అక్కడి నుంచి మా పద్ధతి మారింది. ఈ యంత్రం నెమ్మది, ఒక్కో ఫ్రేముకి రెండు మూడు నిమిషాలు తీసుకుంటుంది. మొదటి వారం ఆ నెమ్మదికి విసుక్కున్నాను. తర్వాత ఆ రెండు నిమిషాలే నాకు కావలసినవని తెలిసింది. ఫ్రేము పైనుంచి కిందికి కొంచెం కొంచెంగా స్క్రీన్ మీదికి దిగుతుంటే నాన్న ముందుకి వంగి "ఇది ఎవరిదబ్బా..." అని మొదలుపెడతారు, పూర్తిగా దిగేసరికి పేరు, ఊరు, ఏ డ్యూటీలో కలిశారో, ఆయనకి ఎంతమంది పిల్లలో అన్నీ వచ్చేస్తాయి. నేను ఫోన్‌లో రికార్డు చేస్తాను, ఆ పూట రాత్రే ఫైలులోని వివరాల గడిలో టైపు చేస్తాను. ఫోటో పేరు "స్కాన్ 0412" అని వదిలేస్తే ఇరవై ఏళ్ల తర్వాత అది ఎవరికీ దేనికీ పనికిరాదు.

ప్రొజెక్టర్ రూము ఫోటోలు నాకు అన్నిటికంటే కొత్త. చిన్నప్పుడు సినిమాకి ఫ్రీగా వెళ్లడం తప్ప ఆ గదిలో ఏముందో నాకు తెలీదు. ఒక ఫోటోలో నాన్న చేతిలో రెండు నల్లటి కడ్డీలున్నాయి. అవి కార్బన్ కడ్డీలట, ఆ రెండింటి కొసల మధ్య విద్యుత్తు మండితే వచ్చే వెలుగుతోనే తెర మీద బొమ్మ పడేది. కడ్డీలు కాలుతూ అరిగిపోతుంటాయి కాబట్టి మధ్య ఖాళీ చూసుకుంటూ ఉండాలి, లేకపోతే తెర మసకబారుతుంది. రెండు ప్రొజెక్టర్లు పెట్టుకుని, ఒక రీలు అయిపోవచ్చేసరికి బొమ్మ కుడి పైమూల చిన్న చుక్క కనిపించగానే రెండోది మొదలుపెట్టాలి, రెండో చుక్కకి మార్చెయ్యాలి. కింద కూర్చున్న జనానికి తెలియకుండా మార్చడమే పనితనం. "సిగ్నల్ కోసం చెవులు రిక్కించి కూర్చోవడం సైన్యంలో నేర్చుకున్నా, ఇక్కడ కళ్లు రిక్కించా, అంతే తేడా" అన్నారు. కేబుల్ పని కూడా అలాంటిదేనట, గోతిలో కూర్చుని వందల జతల తీగల్ని రంగులు చూసి ఒక్కటి తప్పకుండా కలపాలి. నాకు వేరువేరుగా కనిపించిన ఉద్యోగాలన్నీ ఆయనకి ఒకే పని. లారీ మాత్రం ఇంటికి దూరంగా ఉంచుతుందని మానేశారట. లారీ ఫోటోలు రెండే ఉన్నాయి, రెండూ షేక్ అయ్యాయి.

పోస్టుకార్డుల గురించి విడిగా చెప్పాలి. హామ్ రేడియోలో ఇద్దరు మాట్లాడుకున్నాక, అవును, ఫలానా రోజు ఫలానా సమయానికి నీ సిగ్నల్ అందింది అని పోస్టుకార్డు పంపుకుంటారు, వాటిని క్యూఎస్ఎల్ కార్డులంటారు. కాల్‌సైన్, అంటే ఆ హామ్‌కి కేటాయించిన గుర్తింపు పేరు, పెద్ద అక్షరాల్లో, కింద తేదీ, అంతర్జాతీయ సమయం, ఫ్రీక్వెన్సీ, సిగ్నల్ నాణ్యత. 599 అని ఉంటే మాట స్పష్టత అయిదుకి అయిదు, బలం తొమ్మిదికి తొమ్మిది, స్వరం తొమ్మిదికి తొమ్మిది అని. సోవియట్ కాలం కార్డుల్లో చాలావాటి మీద చిరునామా ఒక్కటే, మాస్కో, పోస్ట్ బాక్స్ 88. ఎక్కడో సైబీరియాలో ఉన్నవాడి కార్డు కూడా ఆ పెట్టెలోంచే వచ్చేది. జోర్డాన్ రాజు హుస్సేన్ కూడా హామే, ఆయన కాల్‌సైన్ జేవై1. నాన్న ఎన్నో రాత్రులు ఆ కాల్‌సైన్ కోసం విన్నారట, రెండుసార్లు వినిపించింది కూడా, కానీ ప్రపంచమంతా ఒకేసారి పిలుస్తుంటే ఈయన సిగ్నల్ అందలేదు. 1999లో ఆ రాజు చనిపోయిన రోజు నాన్న రేడియో ముందు ఊరికే కూర్చున్నారని అమ్మ చెప్పింది.

ఈ కార్డులకి స్కానర్ అద్భుతంగా పనిచేసింది, దీనికి నేను అయిదుకి అయిదు ఇస్తాను. ఒకేసారి నాలుగు కార్డులు పరిస్తే విడివిడి ఫైళ్లుగా కత్తిరించి ఇస్తుంది. కానీ రెండు వైపులా స్కాన్ చేయండి. ఫోటోలకి కూడా ఇదే నా గట్టి సలహా. వెనకవైపు రాతే సగం చరిత్ర. ఒక గ్రూపు ఫోటో వెనక పదకొండు పేర్లు పెన్సిల్‌తో ఉన్నాయి, కంటికి దాదాపు కనబడవు. గ్రేస్కేల్‌లో స్కాన్ చేసి కాంట్రాస్ట్ పెంచితే తొమ్మిది పేర్లు లేచాయి. మిగతా రెండూ నాన్న చెప్పారు.

లాగ్‌బుక్కులు స్కాన్ చేస్తున్నప్పుడు ఒకటి గమనించాను. నాన్న దాదాపు ప్రతి రాత్రీ ఎవరితోనో ఒకరితో మాట్లాడి రాసుకున్నారు. ఒకచోట మాత్రం పదకొండు రోజులు ఒక్క గీత లేదు. ఏమైందని తేదీలు చూస్తే, అది తమ్ముడు పుట్టిన వారం. అమ్మకి ఒంట్లో బాగాలేక ఆసుపత్రిలో ఉండిపోయింది. ఆ పదకొండు రోజుల గురించి మాకెవరికీ చెప్పలేదు ఆయన. తమ్ముడికి ఆ పేజీ పంపించాను. వాడు ఫోన్ చేసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

అమ్మ కూడా ఈ పెట్టెలో ఉంది, అదీ మేం అనుకోని చోట. కెమెరా ఎప్పుడూ నాన్న చేతిలోనే, అందుకే సైన్యం తర్వాత ఆయన ఫోటోలు దాదాపు లేవనుకున్నాం. 120 అనే వెడల్పాటి రకం ఫిల్ము రోలు ఒకటి దొరికింది, చదరపు ఫ్రేములు పన్నెండు, కవర్ మీద ఏమీ రాసి లేదు. అన్నిట్లోనూ నాన్నే. చాప మీద నిద్రపోతున్న నాన్న, పొట్ట మీద పడుకున్న అక్క. రేడియో వెనక వంగిన వీపు. అంటు కత్తి పట్టుకున్న చేతులు. అమ్మ కళ్లజోడు పెట్టుకుని చూసి, "నేనే తీశాను, మీ నాన్న రోలు వేస్ట్ చేశావంటారని చెప్పలేదు" అంది. నాన్న ఆ పన్నెండూ రెండేసి ప్రింట్లు వేయించమన్నారు. అందుకే చెబుతున్నా, కొనేటప్పుడు 120 ఫిల్ము హోల్డర్ కూడా ఇస్తున్నారో లేదో తప్పకుండా చూసుకోండి. కొన్ని మోడళ్లలో ముప్ఫై అయిదు మిల్లీమీటర్లదే ఉంటుంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి, రెండు పెద్దవే. హోల్డర్లు నాసిరకం ప్లాస్టిక్. మూడో నెలలోనే మూత పట్టుకునే చిన్న కొక్కెం విరిగింది. అది విడిగా దొరకదు, మొత్తం హోల్డర్ సెట్టు కొనాలని సర్వీసు వాళ్లు చెప్పారు, ఆ మాట చెప్పడానికే పద్దెనిమిది రోజులు పట్టింది. నాన్న గులాబీ అంట్లకి చుట్టే టేపుతో కట్టి దాన్ని నడిపిస్తున్నారు. రెండోది, మెలిక తిరిగిన ఫిల్ము ఈ హోల్డర్‌లో చదునుగా కూర్చోదు, ఒక మూల పదునుగా, ఇంకో మూల మసకగా వస్తుంది. మందపాటి పుస్తకాల కింద వారం పెట్టి చూడండి, చాలావరకు తగ్గుతుంది. నేరుగా అద్దం మీద పరిస్తే ఇంద్రధనుస్సు లాంటి వలయాలు పడతాయి, అలా చేయకండి. సాఫ్ట్‌వేర్ కూడా పాతకాలపుది, అక్షరాలు చిన్నవి, కంప్యూటర్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ స్కానర్ కనబడదంటుంది. కొనేముందు మీ కంప్యూటర్ వెర్షన్‌కి డ్రైవర్ ఉందో లేదో చూసుకోండి.

జిగురు పేజీల ఆల్బమ్‌లలో అతుక్కుపోయిన ఫోటోల్ని గోరుతో పీకకండి. పళ్లలో వాడే సన్నటి దారాన్ని ఫోటో కిందినుంచి రంపంలా మెల్లగా లాగితే విడివడతాయి. రాకపోతే పేజీతో సహా స్కాన్ చేయండి. సర్వీసు కాగితాల్ని బంధువుల గ్రూపుల్లో పెట్టేముందు సర్వీసు నంబరు, పెన్షన్ నంబరు, పుట్టినతేదీ కప్పేయండి, వాటితో మోసం చేసేవాళ్లు ఉంటారు. ఫైళ్లు మూడు కాపీలు ఉంచండి, అందులో ఒకటి వేరే ఇంట్లో. మాది అక్క దగ్గరుంది.

ఒక్క ఫోటో దగ్గర మాత్రం నాన్న ఏమీ చెప్పలేదు. ముగ్గురు కుర్రాళ్లు, మధ్యలో నాన్న, ఎడమవైపు అబ్బాయి నవ్వుతూ నాన్న టోపీ లాగుతున్నాడు. ఫ్రేము దిగింది, రెండు నిమిషాలు, మూడు నిమిషాలు, ఆయన స్క్రీన్‌నే చూస్తున్నారు. నేను రికార్డింగ్ ఆపేశాను. చాలాసేపటికి "వీడు తిరిగి రాలేదు" అన్నారు, పేరు స్పెల్లింగ్‌తో సహా చెప్పారు, ఊరు చెప్పారు, వాడికి ఒక అక్క, ఒక చెల్లెలు ఉండేవారని చెప్పారు. మర్నాడు ఆయనే అడిగారు, ఆ ఫోటో ప్రింటు తీసి ఆ ఇంటివాళ్లకి పంపగలమా అని. వెతుకుతున్నాం. ఇంకా దొరకలేదు.

అందరికీ ఈ స్కానర్ అవసరం లేదు. ఇరవై ముప్ఫై ప్రింట్లే ఉంటే ఫోన్‌తో, కిటికీ పక్కన, మెరుపు పడకుండా నిటారుగా తీసుకుంటే చాలు. నెగటివ్‌లు వందల్లో ఉంటే, పుస్తకాలూ కార్డులూ కలిసి ఉంటే, పక్కన కూర్చుని చెప్పే మనిషి ఉంటే మాత్రం కొనండి. హోల్డర్ కోసం ఒక పాయింటు తీసేసి అయిదుకి నాలుగు ఇస్తున్నాను.

పెట్టెలో ఇంకా రెండు కవర్లున్నాయి. ఒకదాని మీద "ల్యాబ్, చివరి బ్యాచ్" అని ఉంది, రెండోదాని మీద ఏమీ లేదు. నాన్న పొద్దున్నే ల్యాబ్ కవర్ తీసి, స్ట్రిప్పులకి దుమ్ము ఊది, మెరిసే వైపు ఏదో చూసి, వరసగా టేబుల్ మీద పెట్టి ఉంచారు. నేను ఆఫీసు నుంచి రావాలి.